నిరాశ్రయుల సామాను - చట్టములు (సికింద్రాబాదు)

నిరాశ్రయుల సామాను అనగా ఇల్లు లేక కాలిబాటల మీద, వంతెనల క్రింద, రైల్వే స్టేషను పరిసరాలలో నివసించువారు తమతో ఉంచుకొను మూటలు, పెట్టెలు, దుప్పట్లు, వంటపాత్రలు, కాగితములు మొదలైనవి. పగలు కూలిపనికి పోవునపుడు వీటిని చాలమంది ఏ చెట్టు కొమ్మకో కట్టి, గోడ మూలకు నెట్టి, లేదా తెలిసిన దుకాణదారునికి అప్పగించి వెళ్ళుదురు. ఇట్టి సామానును ఎవరు తొలగించవచ్చును, తొలగించిన తరువాత ఏమి చేయవలెను అను విషయమై భారతదేశములో ప్రత్యేకమైన చట్టము లేదు. సామాను ఉన్న నేల ఎవరిది, దానిని తీసినవారు ఎవరు, దాని యజమానిని చట్టము ఏ పేరుతో గుర్తించుచున్నది అను మూడు ప్రశ్నలను బట్టి వేర్వేరు చట్టములు వర్తించును. తెలంగాణ రాష్ట్రములోని సికింద్రాబాదులో రైల్వే భూమి, కంటోన్మెంటు భూమి, నగరపాలక సంస్థ రోడ్లు దగ్గర దగ్గరగా ఉండుట వలన ఈ భేదము స్పష్టముగా కనిపించును.

నేపథ్యము

సికింద్రాబాదు 1806లో మూడవ నిజాము సికందర్ జా పేరిట వెలసిన దండు పట్టణము. ఇప్పటికీ దీనిని "లష్కర్" అని పిలుచువారు కలరు. దండు ప్రాంతము కంటోన్మెంటు బోర్డు పాలనలోనికి రాగా, మిగిలిన పట్టణము 1960లో హైదరాబాదు నగరపాలక సంస్థలో కలిసినది. 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే సికింద్రాబాదు ప్రధాన కేంద్రముగా ఏర్పడినది. ఆ విధముగా ఒకే ఊరిలో మూడు అధికార పరిధులు ఏర్పడినవి. స్టేషను ఆవరణ గోడకు లోపల ఉన్న మూటకు ఒక చట్టము, గోడకు వెలుపల రోడ్డు మీద ఉన్న మూటకు మరియొక చట్టము.

జనాభా లెక్కలలో వీరిని "ఇల్లు లేని కుటుంబములు"గా లెక్కించుదురు. రోడ్డు ప్రక్కన, కాలిబాటల మీద, పెద్ద సిమెంటు గొట్టములలో, వంతెనల క్రింద, మెట్ల క్రింద, గుడి మండపములలో, రైల్వే ప్లాట్‌ఫారముల మీద ఉండువారందరు ఈ లెక్కలోనికి వచ్చుదురు. 2011 జనాభా లెక్కల ప్రకారము దేశములో ఇట్టివారి సంఖ్య సుమారు 17.7 లక్షలు. సికింద్రాబాదు స్టేషను, మోండా మార్కెట్, రెజిమెంటల్ బజార్, చిలకలగూడ పరిసరాలలో హమాలీలు, దినకూలీలు, చిత్తు కాగితములు ఏరువారు, ఊళ్ళనుండి పనికి వచ్చినవారు రాత్రివేళ నిద్రించుట నగరవాసులకు తెలిసిన దృశ్యమే.

చూచువారికి ఇవి చింకి సంచులుగా కనిపించవచ్చును. అయితే ఆధార్ కార్డు, రేషను కార్డు, ఓటరు కార్డు, ఆసుపత్రి చీటీలు, బ్యాంకు పుస్తకము, ఊరిలోని వారి ఫోను నంబరు వ్రాసుకొన్న కాగితము సాధారణముగా ఈ సంచులలోనే ఉండును. దుప్పటి పోయినచో మరొకటి సంపాదించవచ్చును, కాగితములు పోయినచో పింఛను, రేషను, ఆసుపత్రి వైద్యము అన్నియు ఆగిపోవును. ఈ కారణము చేతనే సామాను తొలగింపు చట్టపరముగా చిన్న విషయము కాదు.

రోడ్డు మీది సామాను

నగరపాలక సంస్థ (వాడుకలో "బల్దియా") పరిధిలోని రోడ్లకు, కాలిబాటలకు వర్తించునది 1955 నాటి హైదరాబాదు నగరపాలక సంస్థల చట్టము. ఇదియే తరువాత గ్రేటర్ హైదరాబాదు నగరపాలక సంస్థ చట్టమను పేరుతో పిలువబడినది. ఈ చట్టము 402వ సెక్షను వీధులలో అడ్డముగా కట్టడములు నిర్మించుటను నిషేధించుచున్నది. 403వ సెక్షను కమిషనరు అనుమతి లేకుండ వీధిలో బల్లలు, కుర్చీలు, పెట్టెలు, నిచ్చెనలు, మూటలు లేదా మరే వస్తువునైనను అడ్డముగా ఉంచరాదని చెప్పుచున్నది. 404వ సెక్షను బహిరంగ స్థలములలో అనుమతి లేని అమ్మకములకు సంబంధించినది. ఈ మూడింటికి విరుద్ధముగా ఉన్న దేనినైనను కమిషనరు నోటీసు లేకుండగనే తొలగింపజేయవచ్చునని 405వ సెక్షను తెలుపుచున్నది.

403వ సెక్షను జాబితా ప్రధానముగా దుకాణదారులు రోడ్డు మీదికి జరిపిన సరంజామాను దృష్టిలో ఉంచుకొని వ్రాసినట్లు దాని మాటలను బట్టి తెలియును. కాని "మరే వస్తువునైనను" అను మాట వలన నిద్రించువాని చాప, గిన్నె కూడ అందులో చేరుచున్నవి. 405వ సెక్షను తొలగించు అధికారము ఇచ్చినది గాని, తొలగించిన వస్తువుల జాబితా వ్రాయవలెననియు, యజమానికి రసీదు ఇవ్వవలెననియు, ఇన్ని దినములు భద్రపరచవలెననియు ఆ సెక్షనులో లేదు. పారిశుద్ధ్య సిబ్బంది చేతికి చిక్కిన సంచి చెత్తబండి ఎక్కినచో, అది నగర చెత్త అంతయు చేరు జవహర్‌నగర్ డంపింగు యార్డుకు పోవును. అక్కడికి పోయిన కాగితమును తిరిగి వెదకి తెచ్చుట అసాధ్యము.

"నోటీసు లేకుండ" అను మాటకు అర్థము

ఇదే విధమైన నిబంధన 1888 నాటి బొంబాయి నగరపాలక సంస్థ చట్టములో 314వ సెక్షనుగా కలదు. 1981 జూలైలో నాటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి ఎ.ఆర్.అంతూలే బొంబాయి కాలిబాటల మీద నివసించువారిని తొలగించి వారి స్వస్థలములకు పంపుదుమని ప్రకటించగా, పాత్రికేయురాలు ఓల్గా టెల్లిస్, కాలిబాట నివాసులు మొదలైనవారు సుప్రీంకోర్టును ఆశ్రయించిరి. ప్రధాన న్యాయమూర్తి వై.వి.చంద్రచూడ్ నాయకత్వములోని ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనము 1985 జూలై 10న తీర్పు చెప్పినది. రాజ్యాంగము 21వ అధికరణములోని జీవించు హక్కులో జీవనోపాధి హక్కు ఇమిడియున్నదని ఈ తీర్పులో కోర్టు ప్రకటించినది. పాఠ్యపుస్తకములలో ఈ తీర్పు ఇంతవరకే కనిపించును.

మిగిలిన సగము కూడ ముఖ్యమే. 314వ సెక్షనును కోర్టు కొట్టివేయలేదు. అది కమిషనరుకు నోటీసు లేకుండ తొలగించు విచక్షణను ఇచ్చినదే గాని, నోటీసు ఇవ్వరాదని ఆదేశించలేదని వివరించినది. సాధారణముగా నోటీసు ఇచ్చి వారి మాట వినవలెను. అత్యవసర పరిస్థితులలో మాత్రమే దానిని మినహాయించవచ్చును. ఆ యేటి వర్షాకాలము ముగిసి ఒక నెల గడుచువరకు, అనగా 1985 అక్టోబరు 31 వరకు, ఎవరినీ తొలగించరాదని గడువు ఇచ్చినది గాని, కాలిబాట మీద నివసించు హక్కు ఎవరికిని లేదని కూడ చెప్పినది. 405వ సెక్షను మాటలు 314వ సెక్షను మాటలకు దగ్గరగా ఉన్నందున ఈ వివరణ హైదరాబాదు, సికింద్రాబాదులకును మార్గదర్శకమగును. కాని తీర్పు నివాసమును, ఉపాధిని గూర్చినది. తీసిన మూటను ఏమి చేయవలెనన్న ప్రశ్నకు అందులో ప్రత్యేకమైన సమాధానము లేదు.

రైల్వే, కంటోన్మెంటు భూములు

కేంద్ర ప్రభుత్వ భూములకు, భవనములకు 1971 నాటి పబ్లిక్ ప్రెమిసెస్ (అనధికార ఆక్రమణదారుల తొలగింపు) చట్టము వర్తించును. వదిలిన సామానును గూర్చి సూటిగా మాట్లాడు చట్టము ఇదియే. ఎస్టేటు అధికారి ఉత్తర్వు ప్రకారము ఆక్రమణదారుని తొలగించిన తరువాత అక్కడ మిగిలిన సామానును ఏమి చేయవలెనో 6వ సెక్షను చెప్పుచున్నది. ముందుగా సంబంధిత వ్యక్తికి 14 దినముల నోటీసు ఇవ్వవలెను. ఆ ప్రాంతములో చెల్లుబడి గల ఒక వార్తాపత్రికలోనైనను నోటీసు ప్రకటించవలెను. ఆ తరువాతనే సామానును తొలగించవచ్చును, లేదా బహిరంగ వేలములో అమ్మవచ్చును. అమ్మిన సొమ్ములో ఖర్చులు పోగా మిగిలినది హక్కుదారునికి చెల్లించవలెను. త్వరగా చెడిపోవు వస్తువులకు మాత్రమే ఈ నోటీసు నుండి మినహాయింపు కలదు.

ఇది మంచి పద్ధతియే, అయితే ఆచరణలో ఇది క్వార్టరు ఖాళీ చేయని ఉద్యోగికి, రైల్వే స్థలములో కొట్టు వేసిన వ్యాపారికి ఉపయోగపడినంతగా ప్లాట్‌ఫారము మీద పడుకొనువానికి ఉపయోగపడదు. 14 దినముల నోటీసు రావలెనన్నచో ముందు తొలగింపు ఉత్తర్వు ఉండవలెను. ప్లాట్‌ఫారము మీద ఉన్నవానిని సాధారణముగా 1989 నాటి రైల్వేల చట్టము 147వ సెక్షను క్రింద, అనగా అనుమతి లేని ప్రవేశము క్రింద, బయటకు పంపుదురు. ఆ సెక్షను మనిషిని గూర్చి చెప్పుచున్నది గాని అతని సంచిని గూర్చి చెప్పుటలేదు.

స్టేషనులో మరియొక చిక్కు కలదు. 2007 ఆగస్టు 25న లుంబినీ పార్కు, గోకుల్ చాట్ వద్ద, 2013 ఫిబ్రవరి 21న దిల్‌సుఖ్‌నగర్‌లో బాంబు ప్రేలుళ్ళు జరిగిన తరువాత నగరములో యజమాని కనపడని సంచి ఏదైనను అనుమానాస్పద వస్తువే. దానిని పరీక్షించుట, దూరముగా తరలించుట భద్రతా సిబ్బంది విధి. పోగొట్టుకొన్న ప్రయాణికుల సామానును తిరిగి అప్పగించుటకు రైల్వే రక్షక దళము "ఆపరేషన్ అమానత్" అను కార్యక్రమమును నడుపుచు, దొరికిన వస్తువుల ఛాయాచిత్రములను రైల్వే జోన్ల వెబ్‌సైట్లలో ఉంచుచున్నది. అయితే వెబ్‌సైటు చూచి వచ్చి అడుగుట టికెట్టు కొన్న ప్రయాణికునికి సులభము, ప్లాట్‌ఫారము చివర పడుకొనువానికి కాదు.

కంటోన్మెంటు పరిధిలో నగరపాలక సంస్థ చట్టము వర్తించదు. అక్కడ 1924 నాటి చట్టమునకు బదులుగా వచ్చిన 2006 నాటి కంటోన్మెంట్ల చట్టము ప్రకారము బోర్డు వ్యవహరించును.

ప్రభుత్వ భూములు

రాష్ట్ర ప్రభుత్వ భూములు, పోరంబోకుల విషయములో 1905 నాటి భూ ఆక్రమణల చట్టము కలదు. నోటీసు ఇచ్చిన గడువులోగా తీసికొనిపోని కట్టడమును, అక్కడ ఉంచిన "ఏ వస్తువునైనను" ప్రభుత్వము స్వాధీనపరచుకొనవచ్చునని దీని 6వ సెక్షను చెప్పుచున్నది. నోటీసు తప్పనిసరి గాని, ఆ తరువాత వస్తువు యజమానిది కాకుండ పోవును. ఈ చట్టముపై ముఖ్యమైన తీర్పు సికింద్రాబాదుకు సమీపములోని హబ్సిగూడ భూముల కేసులో (తుమ్మల కృష్ణారావు కేసు, 1982) వచ్చినది. హక్కు విషయమై నిజమైన వివాదమున్నచో ఈ సంక్షిప్త పద్ధతిని ఉపయోగించరాదని సుప్రీంకోర్టు అందులో చెప్పినది. కాలిబాట నివాసి ఆ నేల తనదని ఎన్నడును అనడు గనుక అతనికి ఈ తీర్పు వలన లాభము స్వల్పము.

వీధి వర్తకుల సరకు

అదే కాలిబాట మీద బండి పెట్టుకొన్న వర్తకునికి చట్టములో మెరుగైన స్థానము కలదు. 1989లో సోదన్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు వీధి వర్తకమును రాజ్యాంగము గుర్తించిన వృత్తి హక్కుగా అంగీకరించినది. దీర్ఘకాలపు పోరాటము తరువాత వీధి వర్తకుల (జీవనోపాధి రక్షణ, వీధి వర్తక నియంత్రణ) చట్టము వచ్చి, 2014 మే 1 నుండి అమలులోనికి వచ్చినది. దీని 18వ సెక్షను ప్రకారము వర్తకుని తొలగించుటకు 30 దినముల నోటీసు ఇవ్వవలెను. 19వ సెక్షను సరకు జప్తును గూర్చినది. జప్తు చేసిన వస్తువుల జాబితా వ్రాసి, అధికారము గల ఉద్యోగి సంతకము చేసిన ప్రతిని వర్తకునికి ఇవ్వవలెను. వర్తకుడు రుసుము చెల్లించి అడిగిన పిమ్మట చెడిపోని సరకును రెండు పనిదినములలో, పండ్లు కూరగాయల వంటి చెడిపోవు సరకును అదే రోజున తిరిగి ఇవ్వవలెను.

ఒకే మనిషి పగలు జామకాయలు అమ్మి, రాత్రి ఆ బండి ప్రక్కనే నిద్రించుచున్నాడనుకొనిన, అతని జామకాయల బుట్టకు జాబితా, సంతకము, గడువు కలవు, అతని దుప్పటికి, ఆధార్ కార్డు ఉన్న సంచికి అవి లేవు. ఈ చట్టము అమ్మకపు సరకును రక్షించును గాని ఇంటి సామానును కాదు. మరియు రైల్వే ఆధీనములోని భూములకు ఈ చట్టము వర్తించదని మొదటి సెక్షనులోనే ఉన్నది. కావున స్టేషను గోడకు లోపల బండి పెట్టిన వర్తకునికి కూడ ఈ రక్షణ లేదు.

దొరికిన వస్తువు, లావారిసు సొత్తు

రోడ్డు మీద ఎవరిదో తెలియని సంచి ఒక పౌరునికి దొరికినచో ఏమి చేయవలెనన్నది 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టములో ఉన్నది. దాని 71వ సెక్షను ప్రకారము దొరికిన వస్తువును తన వద్ద ఉంచుకొన్నవాడు దానిని అప్పగింతగా పుచ్చుకొన్నవానివలె జాగ్రత్తగా చూడవలెను. యజమానిని తగిన శ్రద్ధతో వెదకినను దొరకనపుడు, అదియును వస్తువు చెడిపోవు స్థితిలో ఉండుట వంటి కొన్ని సందర్భములలో మాత్రమే, 169వ సెక్షను క్రింద అమ్మవచ్చును. యజమానిని కనుగొను ప్రయత్నము చేయకుండ సొంతము చేసికొనుట నేరము. పూర్వము భారత శిక్షాస్మృతి 403వ సెక్షనుగా ఉన్న ఈ నేరము 2024 జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహితలో 314వ సెక్షనైనది. యజమాని ఉద్దేశపూర్వకముగా "వదిలివేసినది", తిరిగి వచ్చి తీసికొను ఉద్దేశముతో "ఉంచి వెళ్ళినది" చట్టము దృష్టిలో ఒకటి కావు. చెట్టుకు కట్టిన మూట రెండవ కోవలోనిదని చూడగనే తెలియును. కట్టినవాడు విప్పుకొనుటకే కట్టును.

పోలీసులకు చేరిన సొత్తును హైదరాబాదు వాడుకలో "లావారిసు" సొత్తు అందురు. దానిని స్టేషనులోని మాల్‌ఖానాలో ఉంచి మేజిస్ట్రేటుకు తెలియజేయవలెను. యజమాని తెలియనపుడు మేజిస్ట్రేటు వస్తువుల వివరములతో ప్రకటన వెలువరించి ఆరు నెలల గడువు ఇచ్చును. ఇది పూర్వపు నేర విచారణ స్మృతిలో 457వ సెక్షను, ప్రస్తుత భారతీయ నాగరిక్ సురక్షా సంహితలో 503వ సెక్షను. ఆరు నెలలలో ఎవరును రానిచో సొత్తు రాష్ట్ర ప్రభుత్వ వశమగును. త్వరగా చెడిపోవు వస్తువులను ముందే అమ్ముటకు వీలు కలదు. చట్టములన్నిటిలో ఎక్కువ గడువు ఇచ్చునది ఇదే. చెత్తబండికి బదులు పోలీసు స్టేషనుకు చేరిన మూటకు యజమాని దొరకు అవకాశము ఎక్కువ అని దీనిని బట్టి చెప్పవచ్చును.

కాలిబాట మీద మరణించినవారి సామానుది వేరొక మార్గము. శవ పంచనామా సమయములో వారి వద్దనున్న వస్తువులను నమోదు చేయుదురు. బంధువుల ఆచూకీ తెలిసికొనుటకు చాలసార్లు ఆ సంచిలోని కాగితమే ఆధారము. మరణించినవారి సొత్తును అపహరించుట న్యాయ సంహిత 315వ సెక్షను క్రింద నేరము. వారసులు లేనిచో రాజ్యాంగము 296వ అధికరణము ప్రకారము ఆస్తి ప్రభుత్వమునకు చెందును.

రాజ్యాంగ రక్షణ

1978 నాటి 44వ సవరణ ద్వారా ఆస్తి హక్కు ప్రాథమిక హక్కుల జాబితా నుండి తొలగింపబడి, 300-ఎ అధికరణముగా మారినది. చట్టము ఇచ్చిన అధికారము లేకుండ ఎవరి ఆస్తిని హరించరాదని దాని భావము. ఆస్తి అనగా భూమియే కాదు, గిన్నె కూడ ఆస్తియే. తొలగించు అధికారము 405వ సెక్షనులో ఉన్నను, యజమాని ఎదుటనే నాశనము చేయు అధికారము ఆ మాటలలో లేదు.

గుడిసెవాసుల తొలగింపును గూర్చి ఢిల్లీ హైకోర్టు 2010 ఫిబ్రవరిలో సుదామా సింగ్ కేసులో తీర్పు చెప్పుచు, బుల్‌డోజరు గుమ్మము ముందుకు వచ్చినపుడు ఆ పేదలు కాపాడుకొన చూచునది కొద్దిపాటి సామానును, తాము అక్కడ నివసించినట్లు చూపు కాగితములను అని గుర్తించినది. ఆ కాగితములు పోయినచో పునరావాసము అడుగుటకు ఆధారము కూడ పోవును. 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు దేశవ్యాప్తముగా కూల్చివేతలకు 15 దినముల నోటీసు తప్పనిసరి చేసినది. అయితే రోడ్లు, వీధులు, కాలిబాటలు, రైలు మార్గముల ప్రక్కన, నదులు, చెరువుల వంటి చోట్ల ఉన్న అనధికార కట్టడములకు ఆ ఆదేశములు వర్తించవని అందులోనే చెప్పినది. అనగా కాలిబాట నివాసికి 1985 నాటి తీర్పే నేటికిని ఆధారము.

ఇతర దేశములలో

ఈ ప్రశ్నపై నేరుగా తీర్పులు వచ్చిన దేశములు కొన్ని కలవు. అమెరికాలోని లాస్ ఏంజలెస్ నగరములో స్కిడ్ రో ప్రాంతపు నిరాశ్రయులు భోజనమునకో, స్నానమునకో వెళ్ళినపుడు వారి సామానును నగర సిబ్బంది తీసికొని నాశనము చేయగా, 2012లో తొమ్మిదవ సర్క్యూటు అప్పీలు కోర్టు (లావన్ కేసు) అది రాజ్యాంగ విరుద్ధమని తీర్పు చెప్పినది. కాలిబాట మీద వస్తువు ఉంచుట నగర నిబంధనలకు విరుద్ధమైనను, వస్తువు మీద యజమాని హక్కు పోదని కోర్టు భావము. ఆ తరువాత ఆ నగరము తీసిన సామానును 90 దినములు భద్రపరచు పద్ధతిని నిబంధనలలో చేర్చినది. నిరాశ్రయులు బహిరంగ స్థలములలో మకాము వేయుటను శిక్షించవచ్చునని 2024లో అమెరికా సుప్రీంకోర్టు గ్రాంట్స్ పాస్ కేసులో చెప్పినది గాని, అది సామానుకు సంబంధించిన కేసు కాదు.

దక్షిణ ఆఫ్రికాలోని జొహాన్నెస్‌బర్గ్ కేసు సికింద్రాబాదు పరిస్థితికి మరింత దగ్గరగా ఉన్నది. అక్కడ వంతెన క్రింద ఉండువారి పరుపులు, దుప్పట్లు, బట్టలు నగర పోలీసులు తీసికొని ధ్వంసము చేసిరి. అది ఇల్లు కాదు గనుక ఇంటి తొలగింపు చట్టము వర్తించలేదు. వస్తువులు మిగలలేదు గనుక తిరిగి ఇప్పించు మార్గమును లేదు. 2019 ఏప్రిల్‌లో సుప్రీం అప్పీలు కోర్టు (ంగోమానే కేసు) వారి గౌరవము, ఏకాంతము, ఆస్తి హక్కులకు భంగము కలిగినదని నిర్ణయించి ఒక్కొక్కరికి 1,500 రాండ్ల పరిహారము ఇప్పించినది.

ఆశ్రయ గృహములు, గుర్తింపు పత్రములు

సామానుకు చోటు లేకపోవుట ఆశ్రయము లేకపోవుటలో భాగమే. 2010లో సుప్రీంకోర్టు ఆహార హక్కు కేసులో ఆదేశములు ఇచ్చుచు పెద్ద నగరములలో లక్ష జనాభాకు ఒకటి చొప్పున ఆశ్రయ గృహములు ఉండవలెననియు, అవి ఏడాది పొడవునా, రాత్రింబగళ్ళు తెరచియుండవలెననియు తెలిపినది. రాత్రి మాత్రమే తెరచు బసలో ఉదయము లేచి మూట నెత్తికెత్తుకొని బయటపడవలెను గనుక, రెండవ షరతు సామాను దృష్ట్యా ముఖ్యమైనది. 2013లో ప్రారంభమైన జాతీయ పట్టణ జీవనోపాధుల మిషనులో ఆశ్రయ గృహముల పథకము చేర్చబడినది. వాటి అమలు లోపములను పరిశీలించుటకు 2016 నవంబరులో సుప్రీంకోర్టు విశ్రాంత న్యాయమూర్తి కైలాశ్ గంభీర్ అధ్యక్షతన ఒక సంఘమును నియమించినది.

సామాను పోయినవారు కమిషనరుకు వ్రాతపూర్వకముగా తెలుపుకొనవచ్చును, పత్రములు పోయినచో పోలీసు స్టేషనులో ఫిర్యాదు ఇచ్చి దాని ప్రతిని పొందవచ్చును. 1987 నాటి న్యాయసేవాధికార సంస్థల చట్టము 12వ సెక్షను క్రింద స్త్రీలు, బాలలు, షెడ్యూల్డు కులములు, తెగలవారు, వికలాంగులు, నిర్ణీత పరిమితికి లోబడిన ఆదాయము గలవారు ఉచిత న్యాయ సహాయమునకు అర్హులు. ఆధార్ నమోదైనవారు కార్డు పోయినను వేలిముద్ర ద్వారా నంబరును తిరిగి తెలిసికొని కొత్త ప్రతిని పొందవచ్చును.

ఓటరు కార్డు విషయములో ఎన్నికల సంఘము పద్ధతి వేరుగా ఉన్నది. ఇల్లు లేని పౌరుడు ఓటరుగా నమోదు కోరినపుడు చిరునామాకు పత్రము చూపనక్కరలేదు. దరఖాస్తులో తాను నిద్రించు చోటును వ్రాసినచో, పోలింగు కేంద్రపు స్థాయి అధికారి రాత్రివేళ అచ్చటికి వచ్చి అతడు నిజముగా అక్కడ నిద్రించుచున్నాడా అని చూచి నిర్ధారించును.